తెల్ల ఈకల జట్టు

యుద్ధం జరుగుతుంటే బంతాట ఆడుతున్నారని బ్రిటన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను పత్రికలు ఏకిపారేశాయి. పిరికివాళ్లన్నాయి. ఆ మాటలు పడ్డవాళ్లలో కొందరు తిరిగి మైదానం మొహం చూడలేదు.

1914 నవంబరు నాటికి ఎడిన్‌బరోలో హార్ట్ ఆఫ్ మిడ్లోథియన్ జట్టుకు ఎదురు లేదు. జనం ముద్దుగా పిలిచే పేరు హార్ట్స్. ఆగస్టు 15న, సీజన్ తొలి రోజునే చాంపియన్ సెల్టిక్‌ను 2-0తో చిత్తు చేసింది. అక్కడి నుంచి వరుసగా మొదటి ఎనిమిది మ్యాచులూ గెలిచింది. 1897 తర్వాత లీగ్ టైటిల్ ఎరగని అభిమానులకు ఈసారి కప్పు మనదేనన్న ధీమా కలిగింది.

నవంబరు 16న ఈవెనింగ్ న్యూస్ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినావిడ పేరు చెప్పుకోలేదు, ‘ఒక సిపాయి కూతురు’ అని సంతకం పెట్టింది. వేలమంది ప్రాణాలు అడ్డం పెడుతున్నారు కాబట్టే హార్ట్స్ వాళ్లు హాయిగా ఆడుకోగలుగుతున్నారు, అందుకని కొన్నాళ్లపాటు జట్టు పేరును ‘మిడ్లోథియన్ తెల్ల ఈకలు’ అని మార్చుకుంటే బాగుంటుందని ఆమె సలహా.

ఆ ఎత్తిపొడుపు ఎంత లోతుగా దిగిందో తెలియాలంటే ఆ ఏడాది ఆగస్టులో ఫోక్‌స్టన్ రేవు పట్నంలో జరిగింది చెప్పుకోవాలి. పెన్రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే విశ్రాంత అడ్మిరల్ ముప్పై మంది ఆడవాళ్లను పోగుచేసి, యూనిఫాం లేకుండా తిరిగే మగవాళ్లు కనిపిస్తే చేతిలో తెల్ల ఈక పెట్టమని పురమాయించాడు. తెల్ల ఈకంటే పిరికితనానికి గుర్తు. ఆ అలవాటు చూస్తుండగానే దేశమంతా పాకింది. నడిబజారులో, ట్రాముల్లో, అందరూ చూస్తుండగా ఆ ఈకను అందుకున్నవాడికి తల ఎత్తుకోవడం కష్టం. ఇప్పుడు ఒక జట్టుకు జట్టునే ఆ పేరుతో పిలవమంటున్నారు.

ఉత్తరం అచ్చయిన తొమ్మిదో రోజున హార్ట్స్ ఆటగాళ్లు పదకొండు మంది సైన్యంలో పేర్లు రాయించుకున్నారు.

జీతగాళ్ల మీదే కోపం

బ్రిటన్ యుద్ధం ప్రకటించింది ఆగస్టు 4న. అప్పటికి ఆ దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, ఆ చట్టం 1916 జనవరిలో గానీ రాలేదు. అందాకా సైన్యం నిండాలంటే కుర్రాళ్లు తమంతట తామే రావాలి. రప్పించడానికి పోస్టర్లు వేశారు, బ్యాండు మేళాలు పెట్టారు, వీధివీధినా ఉపన్యాసాలిచ్చారు. వీటికి లొంగనివాళ్లను సిగ్గుపరిచారు. కౌంటీ క్రికెట్ ఆగింది, రగ్బీ యూనియన్ ఆగింది. ఫుట్‌బాల్ లీగ్ మాత్రం సెప్టెంబరులో యథాప్రకారం మొదలైంది. దాంతో అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి.

లండన్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు ఎ.ఎఫ్. పొలార్డ్ టైమ్స్ పత్రికకెక్కాడు. మద్యపాన వ్యతిరేక ఉద్యమకారుడు ఫ్రెడరిక్ చారింగ్టన్ ఫుల్‌హామ్ మైదానంలో విరామ సమయాన లేచి ప్రేక్షకులకు బుద్ధి చెప్పబోతే, అక్కడివాళ్లు ఆయన్ను బయటికి ఈడ్చుకుపోయారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయల్ కూడా గొంతు కలిపాడు. కాళ్లలో బలమున్న ఫుట్‌బాలర్ ఆ కాళ్లతో యుద్ధరంగానికి నడవాలన్నాడు. ఆయనా ఒకప్పుడు పోర్ట్స్‌మత్‌లో ఒక అమెచ్యూర్ జట్టుకు మారుపేరుతో గోల్‌కీపర్‌గా ఆడినవాడే.

అదే సమయంలో గుర్రప్పందేలు నడుస్తూనే ఉన్నాయి. నాటకశాలల తలుపులు మూతపడలేదు. ఫుట్‌బాల్ మీద రేగినంత రగడ వాటి మీద రేగలేదు. ఎందుకని ఆరా తీస్తే అసలు కోపం ఆట మీద కాదనీ, ఆడి జీతం పుచ్చుకునేవాళ్ల మీదనీ అర్థమవుతుంది. రగ్బీ యూనియన్ ఆడే కలిగినింటి కుర్రాడు డబ్బు ముట్టడు, కావాలనుకుంటే మర్నాడే ఆఫీసరుగా చేరిపోగలడు. ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో ఎక్కువమంది బొగ్గు గనుల్లో, నేతమిల్లుల్లో, ఓడల కర్మాగారాల్లో చెమటోడ్చే కుటుంబాల పిల్లలు. వాళ్లకి ఆటే ఉద్యోగం. వారానికి ఐదు పౌండ్లకు మించి ఇవ్వకూడదని నిబంధన. క్లబ్బుతో ఒప్పందం ఉన్నన్నాళ్లూ వదిలిపోయే వీల్లేదు. ఒప్పందం ముగిసినా పాత క్లబ్బు వదిలితే తప్ప మరో క్లబ్బుకు ఆడలేరు. ఇదేం న్యాయమని హెర్బర్ట్ కింగబీ అనే ఆటగాడు ఆస్టన్ విల్లా క్లబ్బు మీద 1912లో కోర్టుకెళ్లి ఓడిపోయాడు.

కాబట్టి 1914లో ప్రొఫెషనల్ ఆటగాడు సైన్యంలో చేరాలంటే ముందు యజమాని వదలాలి. యజమానులైన క్లబ్బు డైరెక్టర్లను వదిలేసి, వాళ్ల దగ్గర కూలికి ఆడేవాణ్ని పిరికివాడనడం పత్రికలకు తేలికైంది.

ఎడిన్‌బరో వైపు మళ్లీ చూస్తే, హార్ట్స్ ఆటగాళ్లను సైన్యంలోకి తీసుకున్నది సర్ జార్జ్ మెక్రే. వయసు 54, వ్యాపారంలో పైకొచ్చినవాడు, మాజీ ఎంపీ. ఏడు రోజుల్లో ఒక బెటాలియన్‌ను నింపుతానని ఊరి ముందు పందెం కట్టినట్టు ప్రకటించాడు. మిమ్మల్ని పంపించి నేనిక్కడ కూర్చోను, ఆ ప్రమాదం నాకూ ఉంటుందన్నాడు, అన్నట్టే దళపతిగా ఫ్రాన్స్ వెళ్లాడు. హార్ట్స్ నుంచి మొత్తం 16 మంది సైన్యంలో చేరారు. వాళ్ల వెనకే అభిమానులు వందల్లో కదిలారు. రైత్ రోవర్స్, ఫాల్‌కర్క్, డన్‌ఫర్మ్‌లిన్ వాళ్లే కాక, ఊళ్లో హార్ట్స్‌కు బద్ధవైరి అయిన హిబర్నియన్ వాళ్లు కూడా వచ్చి అదే వరసలో నిలబడ్డారు. కాగితాల మీద దాని పేరు రాయల్ స్కాట్స్ 16వ బెటాలియన్. జనానికి మాత్రం అది మెక్రే బెటాలియన్.

సైన్యంలో చేరగానే ఆట ఆగలేదు. ఇక్కడే హార్ట్స్ కథ మెలిక తిరిగింది. వారమంతా కవాతులు, రాత్రిళ్లు గంటల తరబడి నడకలు, టీకాలు, టీకాల తర్వాత జ్వరాలు. శనివారం వచ్చేసరికి బూట్లు మార్చుకుని లీగ్ మ్యాచ్. కాళ్లు బొబ్బలెక్కి, నిద్ర చాలక ఆడిన ఆ జట్టు సీజన్‌లో చాలా భాగం పట్టికలో పైనే నిలిచింది. చివరి వారాల్లో కూలబడింది. టైటిల్‌ను సెల్టిక్ నాలుగు పాయింట్ల తేడాతో ఎగరేసుకుపోయింది. ఈవెనింగ్ న్యూస్ ఈసారి సెల్టిక్ ఊరైన గ్లాస్గో మీద కారాలు మిరియాలు నూరింది. అక్కడి రెండు పెద్ద క్లబ్బుల నుంచి పేరున్న ఆటగాడు ఒక్కడూ సైన్యంలో చేరలేదనీ, స్కాట్లాండ్‌కు అసలైన చాంపియన్ మెరూన్ రంగు, ఖాకీ కలిపి తొడుక్కున్న జట్టేననీ రాసింది. అయిదు నెలల కిందట తెల్ల ఈకల ఉత్తరం అచ్చేసింది ఈ పత్రికే.

ఆ సీజన్‌లో సెంటర్ ఫార్వర్డ్ టామ్ గ్రేసీ కొట్టిన గోల్స్ 29. 1915 మార్చిలో అతనికి రక్త క్యాన్సర్ అని తేలింది. మేనేజర్ జాన్ మెకార్ట్నీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆడుతూనే ఉన్నాడు, శిక్షణకూ వెళుతూనే ఉన్నాడు. ఆ అక్టోబరులో గ్లాస్గోలో చనిపోయాడు. అంతకు నెల ముందు, సెప్టెంబరు 25న, లూస్ పోరులో జేమ్స్ స్పీడీ నేలకొరిగాడు. కామెరాన్ హైలాండర్స్‌లో చేరిన స్పీడీయే యుద్ధంలో హార్ట్స్ పోగొట్టుకున్న తొలి ఆటగాడు.

1916 జూలై 1 ఉదయం సోమ్ నది దగ్గర దాడి మొదలైంది. ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యానికి కలిగిన నష్టం 57 వేల పైచిలుకు, అందులో మరణాలే 19 వేలు దాటాయి. లా బ్వాసెల్ ఊరి దగ్గర కందకాల్లోంచి లేచి మెషీన్ గన్లకు ఎదురు నడిచిన దళాల్లో మెక్రే బెటాలియన్ ఒకటి. సాయంత్రానికి దాదాపు ముప్పాతిక మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. హ్యారీ వాటీ, డంకన్ కర్రీ, ఎర్నెస్ట్ ఎల్లిస్, ముగ్గురు హార్ట్స్ ఆటగాళ్లూ ఆ రోజే పోయారు. ఆగస్టులో జిమ్మీ బాయిడ్, మరుసటి ఏప్రిల్‌లో అరాస్ దగ్గర జాన్ అలన్. లెక్క ఏడుకు చేరింది.

ఆ లెక్కలోకి రానివాళ్లున్నారు. డిఫెండర్ ప్యాడీ క్రాసన్ సోమ్‌లో గాయపడితే కాలు తీసేయాలన్నారు. బందీగా దొరికిన ఒక జర్మన్ సర్జన్ పట్టుబట్టి ఆ కాలు నిలబెట్టాడు. ఆ కాలుతోనే క్రాసన్ తిరిగి యుద్ధానికెళ్లి, ఈసారి విషవాయువు పీల్చాడు. యుద్ధం తర్వాత మళ్లీ హార్ట్స్‌కు ఆడాడు, ఎడిన్‌బరోలో బార్ పెట్టుకున్నాడు, నలభై నిండకుండానే 1933లో పోయాడు. విషవాయువు బారిన పడిన మరో ఆటగాడు బాబ్ మెర్సర్ 1926లో సెల్కర్క్ ఊళ్లో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. యుద్ధం ముగిసి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఫుల్‌హామ్ టౌన్‌హాల్లో

ఎడిన్‌బరో వాళ్లు దారి చూపించాక లండన్ కదలక తప్పలేదు. 1914 డిసెంబరు 15న ఫుల్‌హామ్ టౌన్‌హాల్లో ఎంపీ విలియం జాయిన్సన్-హిక్స్ పెద్ద సభ పెట్టాడు. కేవలం ఫుట్‌బాల్ లోకం కోసమే ఒక బెటాలియన్. మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌లో 17వది. ఆ సభలో 35 మంది ఆటగాళ్లు పేర్లిచ్చారు. ముందుగా వేదికెక్కినవాళ్లలో క్లాప్టన్ ఓరియంట్ కెప్టెన్ ఫ్రెడ్ పార్కర్ ఒకడు. కెప్టెన్ వెనకే ఆ జట్టువాళ్లు మరో తొమ్మిది మంది. తూర్పు లండన్‌లో రెండో డివిజన్ ఆడే చిన్న క్లబ్బు అది. యుద్ధం ముగిసేలోగా ఆ ఒక్క క్లబ్బు నుంచి నలభై మందికి పైగా సైన్యంలోకి వెళ్లారు. పెద్ద క్లబ్బులు మాత్రం బెట్టు చేశాయి. 1915 మార్చి నాటికి ఈ బెటాలియన్‌లో 122 మంది ప్రొఫెషనల్స్ మాత్రమే ఉన్నారని దాని కర్నలు క్లబ్బులకు ఘాటుగా ఉత్తరం రాశాడు. అప్పటికే ఇతర రెజిమెంట్లలో చేరిపోయిన ఆటగాళ్లు ఆ లెక్కలో లేరు, అయినా ఊళ్లో తిరిగింది మాత్రం 122 అన్న అంకే.

1915 ఏప్రిల్ 24 శనివారం. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రఫర్డ్ మైదానంలో ఎఫ్.ఎ. కప్ ఫైనల్. స్టాండ్లలో ఎటు చూసినా యూనిఫాంలే, అందుకే ఖాకీ ఫైనల్ అన్న పేరు స్థిరపడింది. షెఫీల్డ్ యునైటెడ్ చెల్సీని 3-0తో ఓడించింది. ఇంగ్లండ్ మేటి ఫార్వర్డ్ వివియన్ వుడ్‌వర్డ్ సెలవు మీద సైన్యం నుంచి వస్తే చెల్సీ అతన్ని ఆడమంది. ఇంతదాకా జట్టును తెచ్చిన బాబ్ థామ్సన్ చోటు నాకొద్దని వుడ్‌వర్డ్ ఒప్పుకోలేదు. కప్పు అందిస్తూ డెర్బీ ప్రభువు, ఇన్నాళ్లూ కప్పు కోసం ఆడారు, ఇక ఇంగ్లండ్ కోసం ఆడమని ఆటగాళ్లకు హితవు చెప్పాడు.

అదే మధ్యాహ్నం లండన్‌లో క్లాప్టన్ ఓరియంట్ లెస్టర్ ఫాస్‌ను 2-0తో ఓడించి తన చివరి మ్యాచ్ ముగించింది. ఇరవై వేల మంది చూస్తుండగా ఆటగాళ్లు జెర్సీలు విప్పి ఖాకీ తొడుక్కుని మైదానం చుట్టూ కవాతు చేశారు. ఆ జట్టుకు డెర్బీ ప్రభువు హితవు అవసరం లేకపోయింది.

ఓరియంట్ జట్టులో రిచర్డ్ మెక్‌ఫాడెన్, విలియం జోనస్ అనే ఇద్దరు చిన్ననాటి నేస్తాలు. ఇద్దరూ ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న బ్లైత్‌లో పెరిగారు, ఇద్దరూ ముందు వరసలోనే ఆడేవారు. మెక్‌ఫాడెన్ మైదానం బయట కూడా పేరున్నవాడు. మంటల్లో చిక్కిన ఒక మనిషిని బయటికి లాక్కొచ్చాడు, లీ నదిలో మునిగిపోతున్న ఇద్దరు పిల్లల్ని కాపాడాడు. జోనస్ అందగాడు. ఆడపిల్లల దగ్గర్నుంచి వారానికి యాభైకి పైగా ఉత్తరాలు వచ్చేవి. చివరికి క్లబ్బు అమ్మే మ్యాచ్ పత్రికలో ప్రకటన వేయించుకోవాల్సి వచ్చింది: అభిమానానికి కృతజ్ఞతలు, కానీ నాకు మేరీ జేన్‌తో పెళ్లయింది, సుఖంగా ఉన్నాం, ఇక ఆపండని.

1916 జూలై 27న డెల్‌విల్ అడవిలో ఇద్దరూ ఒకే కందకంలో చిక్కుకున్నారు. అక్కడేం జరిగిందో మెక్‌ఫాడెన్ తర్వాత క్లబ్బుకు రాసిన ఉత్తరంలో ఉంది. జోనస్ తనవైపు తిరిగి వీడ్కోలు చెప్పాడనీ, మేరీ జేన్‌కు ప్రేమనూ ఓరియంట్ కుర్రాళ్లకు శుభాకాంక్షలనూ అందించమన్నాడనీ, తను బదులు చెప్పేలోపే కందకంపైకి ఎగిరాడనీ, కంటి ముందే కూలిపోయాడనీ రాశాడు. ఆగస్టులో అదే జట్టు ఆటగాడు జార్జ్ స్కాట్ గాయాలతో జర్మన్ల చేతికి చిక్కి లె కాటో ఆసుపత్రిలో చనిపోయాడు. మిలిటరీ మెడల్ గెలిచి కంపెనీ సార్జెంట్ మేజర్ అయిన మెక్‌ఫాడెన్ అక్టోబరులో గాయపడి మర్నాడు ప్రాణం వదిలాడు.

టీచరు గారి గ్రెనేడ్

బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ డిఫెండర్ డోనాల్డ్ బెల్ వీళ్లలో చాలామందికంటే ముందే కదిలినవాడు. హారోగేట్ మనిషి, స్టార్‌బెక్ బడిలో టీచరు, వచ్చే జీతం చాలక ఫుట్‌బాల్ ఆడేవాడు. ఒప్పందం నుంచి వదలమని క్లబ్బును అడిగి మరీ మామూలు సిపాయిగా చేరాడు. తర్వాత ఆఫీసరయ్యాడు. 1916 జూన్‌లో సెలవు మీద వచ్చి రోడా బాన్సన్‌ను పెళ్లి చేసుకున్నాడు.

పెళ్లయిన నెలకు, జూలై 5న, లా బ్వాసెల్ దగ్గర అతని దళం మీద ఒక మెషీన్ గన్ పక్క నుంచి నిప్పులు కురిపిస్తోంది. బెల్ మరో ఇద్దరితో కలిసి వెనక కందకంలోంచి పాకి, ఆ పైన బహిరంగ నేల మీద ఒక్క పరుగు తీశాడు. గన్నరును రివాల్వర్‌తో కాల్చి, మిగతా పని గ్రెనేడ్లతో పూర్తి చేశాడు. తల్లికి ఉత్తరం రాస్తూ ఇందులో నా గొప్పేం లేదు, ఒక్క బాంబు విసిరాను, అదృష్టం కొద్దీ తగిలిందని తేల్చేశాడు. ఐదు రోజుల తర్వాత కాంటల్‌మేజన్‌లో అచ్చం అలాగే మరోసారి ముందుకురికి చనిపోయాడు. వయసు 25. తర్వాత ప్రకటించిన విక్టోరియా క్రాస్‌ను రోడా అందుకుంది. ఆ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ బెల్ ఒక్కడే. 2010లో ఆ పతకం వేలానికొస్తే రెండు లక్షల పౌండ్లకు పైగా పెట్టి ఆటగాళ్ల యూనియన్ కొని, ఫుట్‌బాల్ మ్యూజియంలో ఉంచింది.

ఆ యూనియన్‌కు ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉన్న ఎవెలిన్ లింటాట్ కూడా టీచరే, ఇంగ్లండ్‌కు ఏడు మ్యాచులు ఆడినవాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లలో ఆఫీసరైన తొలి వ్యక్తిగా అతని పేరే చెబుతారు. 1916 జూలై 1న సెర్ గ్రామం ముందు లీడ్స్ కుర్రాళ్లను నడిపిస్తూ పోయాడు. శరీరం దొరకలేదు, థీప్‌వల్ స్మారకం మీద పేరుంది. 1911లో బ్రాడ్‌ఫర్డ్ సిటీకి గెలుపు గోల్ కొట్టి ఎఫ్.ఎ. కప్ అందుకున్న కెప్టెన్ జిమ్మీ స్పియర్స్ 1917 ఆగస్టులో ఈప్ర దగ్గర పోయాడు.

ఆఫీసరు కాకూడని మనిషి

తెల్ల ఈకల పంపకం మొదలైన ఆ ఫోక్‌స్టన్ ఊళ్లోనే 1888లో వాల్టర్ టల్ పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి, తాత బానిసగా పుట్టినవాడు. తల్లి కెంట్ ప్రాంతపు ఇంగ్లిష్ యువతి. పదేళ్లు నిండేలోగా తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. వాల్టర్‌నూ అన్న ఎడ్వర్డ్‌నూ లండన్‌లోని మెథడిస్టు అనాథాశ్రమంలో చేర్చారు. ఎడ్వర్డ్‌ను గ్లాస్గో కుటుంబం ఒకటి పెంపకానికి తీసుకుపోతే, అతను అక్కడ దంతవైద్యుడయ్యాడు. వాల్టర్ ఆశ్రమం జట్టులో ఫుట్‌బాల్ నేర్చుకున్నాడు.

1909లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అతన్ని తీసుకుంది. ఆ అక్టోబరులో బ్రిస్టల్‌లో ఆడుతుండగా ప్రేక్షకుల్లో ఒక గుంపు అతని రంగును పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ రోజు మైదానంలో అందరికంటే బాగా ఆడింది టల్లే, పెద్దమనిషిలా ప్రవర్తించిందీ టల్లేనని ఒక విలేఖరి రాశాడు. కొద్ది రోజులకు క్లబ్బు అతన్ని రిజర్వు జట్టులోకి నెట్టింది. తిట్టినవాళ్లను వదిలి తిట్లు తిన్నవాణ్ని పక్కన పెట్టడం ఆటల లోకానికి అప్పుడూ కొత్త కాదు. రెండేళ్ల తర్వాత నార్తాంప్టన్ టౌన్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అతన్ని కొనుక్కున్నాడు. ఆ తర్వాతి రోజుల్లో ఆర్సెనల్ దశ తిప్పిన చాప్‌మనే ఇతను. నార్తాంప్టన్‌కు టల్ నూటపది దాకా మ్యాచులు ఆడాడు.

1914 డిసెంబరులో టల్ ఫుట్‌బాలర్ల బెటాలియన్‌లో చేరాడు. త్వరలోనే సార్జెంట్ అయ్యాడు. ఫ్రాన్స్‌లో కొన్ని నెలల ఎడతెగని ఫిరంగి మోత తర్వాత 1916లో మనసు చెదిరి ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకుని సోమ్‌కు వెళ్లాడు. ఆ పైన పై అధికారులు అతన్ని ఆఫీసరు శిక్షణకు పంపారు. ఇది చిన్న విషయం కాదు. నల్లజాతివాళ్లు, ఇతర రంగువాళ్లు ఆఫీసర్లుగా సైనికుల మీద అధికారం చెలాయించకూడదని అప్పటి సైనిక చట్ట గ్రంథం రాసిపెట్టింది. ఆ గ్రంథం అలా ఉండగానే 1917 మే 30న టల్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. బ్రిటిష్ పదాతి దళంలో తెల్లవాళ్లను యుద్ధంలో నడిపించిన తొలి నల్లజాతి ఆఫీసర్లలో అతనొకడు.

ఆ చలికాలం ఇటలీలో పియావే నది దాటి శత్రువు మీద జరిపిన రాత్రి దాడిలో 26 మందిని తీసుకెళ్లి, ఒక్కరికీ గాయం కాకుండా తిరిగి తెచ్చాడు. గుండె దిటవునూ నిబ్బరాన్నీ మెచ్చుకుంటూ మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ నివేదికలో అతని పేరు రాశాడు. 1918 మార్చి 25న జర్మన్ల భారీ దాడి ముందు వెనక్కి తగ్గుతున్నప్పుడు ఫావ్రాయ్ దగ్గర టల్‌కు తూటా తగిలింది. లెస్టర్‌కు గోల్‌కీపర్‌గా ఆడిన టామ్ బిలింగ్‌హామ్ అనే సిపాయి తూటాల మధ్య అతన్ని మోసుకొచ్చే ప్రయత్నం చేశాడు. కుదరలేదు. టల్‌కు సమాధి లేదు, అరాస్ స్మారకం మీద పేరు మాత్రం ఉంది. అతనికి మిలిటరీ క్రాస్ ఇవ్వాలని వందేళ్ల తర్వాత కూడా ఉద్యమాలు జరిగాయి. ఇంతవరకూ రాలేదు.

నిషేధాలతో బతికినవాడు

అరాస్ స్మారకం మీదే మరో ఆటగాడి పేరుంది: అలెగ్జాండర్ టర్న్‌బుల్. అభిమానులకు శాండీ. వీరుల జాబితాలో ఇతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక చాలామంది దాటేస్తారు. నిజానికి జీతానికి ఆడేవాడి బతుకు ఎలా ఉండేదో వీళ్లందరి కంటే ఇతని కథే బాగా చెబుతుంది.

మాంచెస్టర్ సిటీకి ఆడే రోజుల్లో, పరిమితికి మించి డబ్బు పుచ్చుకున్నారని ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆ క్లబ్బు ఆటగాళ్లు 17 మందిని 1906లో నిషేధించింది. అందులో టర్న్‌బుల్ ఒకడు. నిషేధం తీరాక ఊళ్లోనే ఉన్న మాంచెస్టర్ యునైటెడ్‌కు మారాడు. 1909 ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో ఏకైక గోల్ అతనిది. ఆ వేసవిలోనే యూనియన్‌ను వదలకపోతే ఆడనివ్వబోమని అసోసియేషన్ బెదిరిస్తే, యునైటెడ్ ఆటగాళ్లు ససేమిరా అన్నారు. ‘వెలివేసినవాళ్ల జట్టు’ అని బోర్డు రాసుకుని ఫొటో దిగారు. అందులోనూ టర్న్‌బుల్ ఉన్నాడు. 1910లో కొత్తగా తెరిచిన ఓల్డ్ ట్రఫర్డ్‌లో తొలి గోల్ కూడా అతనిదే.

1915 ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. లీగ్ ఇక ఆగిపోతుందనీ, జీతాలు పోతాయనీ అందరికీ అర్థమైన రోజులు. యునైటెడ్ 2-0తో లివర్‌పూల్‌ను ఓడించింది. సరిగ్గా ఆ స్కోరు మీదే పందేలు కాసిన సంగతి బయటపడింది. విచారణ జరిపి రెండు జట్ల ఆటగాళ్లను జీవితాంతం నిషేధించారు. ఆ రోజు మైదానంలో దిగకపోయినా టర్న్‌బుల్ పేరూ అందులో చేరింది. సైన్యంలో చేరి మచ్చ కడుక్కుంటే క్షమాభిక్ష దొరకొచ్చన్న మాట నిషేధితులకు అందింది.

టర్న్‌బుల్ ముందు ఫుట్‌బాలర్ల బెటాలియన్‌లో చేరాడు, అక్కణ్నుంచి ఈస్ట్ సర్రే రెజిమెంట్ 8వ బెటాలియన్‌కు మారాడు. సోమ్ తొలి రోజున కెప్టెన్ విల్‌ఫ్రెడ్ నెవిల్ ఫుట్‌బాళ్లు ఇప్పించి, వాటిని తన్నుకుంటూ జర్మన్ కందకాల వైపు పరుగెత్తమన్నది ఈ బెటాలియన్ వాళ్లనే. నెవిల్ ఆ ఉదయమే చనిపోయాడు. రెండేళ్ల కిందట బంతి తన్నడం సిగ్గుచేటన్న పత్రికలే ఈ బంతుల గురించి పేజీలు నింపి మురిసిపోయాయి. టర్న్‌బుల్ 1917 మే 3న షెరిసీ దగ్గర దాడిలో తప్పిపోయాడు. దేహం దొరకలేదు.

1919లో ఫుట్‌బాల్ అసోసియేషన్ నిషేధాలు ఎత్తేసింది. యుద్ధంలో సేవ చేసినందుకు పేరుపేరునా మన్నించిన ఆ జాబితాలో రెండేళ్ల కిందట చనిపోయిన టర్న్‌బుల్ కూడా ఉన్నాడు. తప్పు చేయలేదని చివరిదాకా వాదించి, పరువునష్టం దావా వేసి ఓడిపోయిన అతని సహచరుడు ఈనాక్ వెస్ట్‌కు మాత్రం మన్నింపు దొరకలేదు. వెస్ట్ మీద నిషేధం 1945 దాకా సాగింది. ఎత్తేసేనాటికి అతనికి 59 ఏళ్లు.